కోడికన్ను ముడి

టేకు కాదు సార్. టేకు కాదు, టేకు కాదు, టేకు కాదు! ఇగో, మూడుసార్లు చెప్పిన. కోర్టుల గూడ మూడుసార్లే పిలుస్తరు, నాలుగోసారి పిలిచేటోడికి గొంతు పోతది.

రేకు ఇది. ఉత్త ఇనుప రేకు. పాత గ్రామఫోన్ బాకా. మీద చెక్క లెక్క కనపడేదంత రంగు. ఆ రంగు ఏసింది నేను, ఈ చేతులతోటి. చూడుండ్రి, గోర్ల సందుల ఇంకా పోలే. పొద్దున పప్పన్నం తిన్నా నోట్లె వార్నిష్ వాసనే.

ఏంది, నవ్వుతున్నరా? నవ్వుండ్రి. నవ్వుకు పర్మిట్ అక్కర్లేదు గద.

కాదు, నాకు తెల్వక అడుగుత. మీ ఫారెస్ట్ చెక్‌పోస్టు కాడికి ఆటోల ఏడుగురం వస్తున్నం. ఒకామె ఒడిల కోడిపుంజు. ఒకాయన కాళ్ల కాడ ఎరువు బస్తా. ఎనుక ఇప్పపూల మూటలు రెండు. అందరినీ వదిలేసి, పాత చీరెల చుట్టి పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్న నన్ను దింపుతరా? గాలికి కొంగు జర తొలిగింది, అంతే. చెక్క చార కనపడ్డది, మీ నోట్లెకు విజిల్ వచ్చింది.

మిగతోళ్ళు ఇంకో ఆటో ఎక్కి పోయిండ్రు. పోయేటప్పుడు ఆ కోడిపుంజు ఆమె నన్ను చూసిన చూపు ఉన్నది చూడుండ్రి! నేనేదో దుంగ మింగి కూసున్నట్టు. మా హాతీరాం అన్న ఒక్కడే ఆటో పక్కకు పెట్టుకొని కిటికీల నుంచి తమాషా చూస్తుండు. చూడు అన్నా, చూడు. నీకు టికెట్ లేదులే.

అవ్ సార్, కోపమే. కోపం రాకుంటే ఏమొస్తది? పన్నెండు కొట్టేవరకు ఈ బాకా సత్తుపల్లిల ఉండాలె, హైమమ్మ వాళ్ళింట్ల. వాళ్ళ నాయిన బసవపున్నయ్య గారికి ఇయ్యాల తొంభై నిండుతున్నయి. ఆయన పిల్లగాడప్పుడు విన్న గ్రామఫోన్, అటక మీద నలభై ఏండ్లు పడి ఉన్నది. లోపలి మెషిన్ ఎవరో బాగు చేసిచ్చిండ్రు. బాకా మాత్రం తుప్పు పట్టి, రంగు పొరలు పొరలు ఊడి, గజ్జి కుక్క లెక్క అయింది. అది నాకిచ్చిండ్రు. నాకు సార్! నాకు పని నేర్పిన వీరన్న మామకు కాదు, నాకు. "శ్యామలా, నువ్వే చెయ్యమ్మా, నీ చెయ్యి బాగుంటుంది" అని హైమమ్మ నోటితోటి అన్నది. నా పేరు మీద వచ్చిన మొదటి పని ఇది. ఇయ్యాల భోజనాలప్పుడు చుట్టాలందరి ముందట దీన్ని బిగించి పాట పెడ్తరట.

మీరేమో, సరిగ్గ నడుమ ఒక్క గీత గీకు, లోపల ఏమున్నదో చూసి వదిలిపెడ్త అంటున్నరు.

ఒక్క గీత! పెండ్లిపిల్ల ముఖం మీద ఒక్కటే గాటు పెడ్త, పీటల మీదికి తీస్కపోండ్రి అన్నట్టున్నది.

కొట్టి చూడుండ్రి అంటే కొట్టిండ్రు. ఠంగ్ మన్నది. చెక్క ఠంగ్ మంటదా? హాతీరాం అన్న ఆటోల పాత స్పీకర్ పగలగొట్టి అయస్కాంతం తెచ్చిండు, పాపం. పెడితే టక్కున అతుక్కున్నది. అయస్కాంతం చెక్కకు అతుక్కుంటదా? ఇగ అయిపాయె గద అనుకొని చీరె మళ్ళ చుట్టుకుంటున్న.

అప్పుడు మీరు కుర్చీల ఎనుకకు ఒరిగి ఏమన్నరు? లోపల రేకేనట, పైన అతికించింది టేకు పొరనట. కాయితమంత పల్చగ చెక్కి జిగురుతోటి అతికించి దాటిస్తరట. మొన్న ట్రైనింగుల చెప్పిండ్రట.

ట్రైనింగు! మనిషి ముఖం చూసి అబద్ధమా నిజమా తెలుసుకునుడు ఆ ట్రైనింగుల చెప్పలేదా సార్? రెండో దినం చెప్పి ఉంటరు. ఆ దినం మీరు లీవుల ఉన్నట్టున్నరు.

సారీ. సారీ సార్. నా నోరు గట్లనే. మా అమ్మ పుల్లమ్మ గూడ అంటది, నీ నోటికి గడియ పెట్టాలె అని.

పెన్ను తీస్తున్నరేంది? రాస్తరా? అప్పుడే రాయకుండ్రి. పెన్ను మళ్ళ మీ బల్ల బొక్కలనే గుచ్చుండ్రి, మంచిగ నిలబడ్తది అండ్ల. నేను ముందు చెప్త, తర్వాత రాసుకోండ్రి.

మొదలు తుప్పు గీకిన. మూడు దినాలు. ఎమెరీ కాయితం పట్టి పట్టి వేలిముద్రలు అరిగిపోయినయి. మొన్న రేషన్ షాపుల మెషిన్ నా వేలును ఒప్పుకోలే. కుయ్ కుయ్ మని మొత్తుకున్నది, నేను మనిషినే కానన్నట్టు. తర్వాత బూడిద రంగు ప్రైమర్. దాని మీద పసుపు, తాటిపండు గుజ్జు రంగు. అది ఎండినంక ముదురు కాఫీ రంగును అవిసె నూనెల కలిపి పల్చటి పూత. అసలు కథ అక్కడ సార్. ఆ పూత తడిగ ఉన్నప్పుడే, సైకిల్ ట్యూబు ముక్కకు దువ్వెన పండ్ల లెక్క కోసి, దాంతోటి లాగాలె. ఊకె లాగితే బట్టల మీద గీతల్లెక్క పడ్తయి. చెయ్యి జర ఊగాలె. భయానికి వణికినట్టు కాదు, ఎడ్లబండి మీద కూసుంటే ఊగినట్టు. గప్పుడు చెక్క చారలు కొండల్లెక్క వస్తయి. ఒక కొండ ఎనుక ఇంకో కొండ, దాని ఎనుక ఇంకోటి. సన్న చారలకు కోడి ఈక.

కొమ్మ ఉన్న కాడ చెక్కల పడే ముడి మాత్రం బొటనవేలుతోటి. ఒత్తాలె, జర తిప్పాలె, లేపాలె. ఒక్కటేసారి. రెండోసారి ఒత్తితే అది ముడి కాదు, మరక.

మామూలుగైతే ఆ ముడిల వేలిముద్ర దొరకాలె. నాది ఎమెరీ కాయితం తినేసింది. సాక్ష్యం గూడ లేకపాయె!

ఏమన్నరు? ముడి మనుషులు గీయలేరా? చారలంటే నమ్ముతరు గని, గింత మంచి ముడి చెట్టుకు తప్ప రాదంటరా?

ఇగో సార్, ఒక్క మాట. మీరు నన్ను తిడుతున్నరా, పొగుడుతున్నరా? ముందు అది తేల్చుండ్రి. తిడితే ఏడుస్త, పొగిడితే దండం పెడ్త. రెండూ కలిపి చేస్తే నా ముఖం ఎట్ల పెట్టుకోవాల్నో తెలుస్తలేదు.

గీయగలుగుత సార్. ముడే కాదు, చెద పట్టిన జాడ గూడ గీస్త. పోయిన ఏడు సంతకాడ ఒకామె ఇనుప బీరువాకు చెక్క రంగు ఏసిన. ఊకుంటనా? కింద మూలకు చెద పురుగులు తిన్నట్టు సన్నగ దారులు గీసిన, మట్టి రాలినట్టు చుక్కలు పెట్టిన. నాలుగు దినాలకు ఆమె మొత్తుకుంట వచ్చింది. ఇనుప బీరువాకు చెద మందు కొట్టించిందట! లోపలి చీరెలన్ని ఆ కంపేనట. వీరన్న మామ నన్ను తిట్టి తిట్టి, ఆమె పోయినంక గోడ పట్టుకొని నవ్విండు.

మామకు ఫోన్ చేయాల్నా? చేసిన గద. ఎర్రుపాలెంల పని పట్టిండు, నిచ్చెన మీద ఉంటే ఎత్తడు. చేత బ్రష్, నోట్ల బీడీ. మూడో చెయ్యి లేదు ఆయనకు.

అగో, ఫోన్! ఉండుండ్రి... హైమమ్మ. అయ్యో.

"హలో! ఆ, హైమమ్మా... వస్తున్న, వస్తున్న... లేదమ్మా, బాకాకేం కాలే, బంగారం లెక్క ఉన్నది... దారిలనే. ఆటో టైరు... అవ్, టైరు. హాతీరాం అన్న కిందపడి బిగిస్తుండు... పెద్దాయన కొత్త చొక్కా ఏసుకొని కూసున్నడా? అడుగుతుండా?... వస్త వస్త. ఉంట అమ్మా."

ఏమంటవు అన్నా? నీ టైరు మీద అబద్ధం చెప్పిన్నా? మరేం చెప్పాలె? మీ గ్రామఫోన్ దొంగ మాల్ కింద దొరికింది, నేను నిందితురాలిని, మీరు భోజనాలు చేయుండ్రి అనాల్నా?

విన్నరు గద సార్. పెద్దాయన చొక్కా ఏసుకొని కూసున్నడట.

ఊఁ. రూలు. రూలు అంటరు. నాకు రూలు తెల్వదా? రూలు చూసే పెరిగిన సార్ నేను. మా ఊరు ఎక్కడో అడిగిండ్రా? ములకలపల్లి దాటి లోపలికి పోవాలె. ఎటు చూసినా టేకు. ఆకు రాలితే ఇంటి కప్పు మీద చాట పడ్డట్టు చప్పుడు. అంత టేకుల, మా ఊర్ల ఏ ఇంటి తలుపు కొట్టినా ఠంగ్ మంటది. మొత్తం రేకు తలుపులే. మీద చెక్క రంగు. సగం నేనే ఏసిన.

ఎందుకు? మీరే అడుగుతున్నరా సార్? చెక్క తలుపు పెడితే మీరొస్తరు. అందుకు.

నువ్వు కాదులే. నువ్వు కాదు, నీ ముందటి ముందటాయన.

అరె, నువ్వు అన్ననా? జారింది సార్. కోపంల మీరు నువ్వయింది. రాసుకోండ్రి, దానికి గూడ కేసుంటే.

నాకు పదమూడేండ్లు అప్పుడు. గాలివానకు మా చేను గట్టు మీది టేకు చెట్టు పడ్డది. పడ్డది సార్, కొట్టలే. వేర్లతోటి లేచి పడ్డది, ఊరంత చూసింది. మా నాయిన జంపయ్య దాని కాడికి పోయి, చుట్టూ తిరిగి, చెయ్యి పెట్టి, ఇంటికొచ్చిండు. అన్నం తినలే. మళ్ళ పోయిండు. అప్పటిదాక మా ఇంటికి వెదురు తడికె. నెల దినాలు చెక్కిండు. బాడిసె ఒకటి, ఉలి ఒకటి, అంతే ఆయన దగ్గర. తలుపు చేసిండు. నాయిన చేసిన మొదటి తలుపు, ఒక పక్క జర ఎక్కువ, ఒక పక్క జర తక్కువ. మా అమ్మ పసుపు పూసింది, బొట్లు పెట్టింది. ఊర్లోళ్ళు వచ్చి ఊకె తెరిచి మూసి, తెరిచి మూసి చూసిండ్రు. కిర్రు మనకుంట మూసుకున్నదని నాయిన ముఖం చూడాలె!

పదకొండు దినాలు ఉన్నది మా ఇంటికి. పన్నెండో దినం జీపు వచ్చింది.

కాయితం ఏదన్నరు. గాలివాన కాయితం ఇచ్చి పోతదా సార్? నాయిన చెప్పిండు, పడ్డ చెట్టని. పడ్డ చెట్టు గూడ సర్కారుదే అన్నరు. రూలట. ఉండొచ్చు. బందులు ఊడదీసి తలుపును జీపు మీద పెట్టుకున్నరు. అమ్మ పెట్టిన బొట్లు అట్లనే ఉన్నయి. కేసు రాసిండ్రు. నాయిన ఎన్నిసార్లు పిలిస్తే అన్నిసార్లు పోయిండు, వేలిముద్ర ఏయమన్న కాడ ఏసిండు. తలుపు మాట మాత్రం మళ్ళ ఎత్తలే.

తర్వాత రేకు తలుపు తెచ్చిండ్రు. దానికి చెక్క రంగు ఏయనీకి వచ్చిందే వీరన్న మామ. దువ్వెనతోటి సర్రున గీతలు లాగుతుండు. నేను ఎనుక నిలబడి, మా తలుపు గిట్ల లేకుండె అన్న. ఎట్లుండె అన్నడు. ఆయన చేతిల దువ్వెన గుంజుకొని కొండలు లాగిన. నడుమ బొటనవేలు పెట్టి ముడి ఒత్తిన. మామ బీడీ కిందపడ్డది సార్. గట్ల మొదలైంది నా పని.

నాయిన ఆ తలుపు మీద చెయ్యి పెట్టి చూసిండు. కాలుతుందే అన్నడు. అంతే అన్నడు.

ఏంది, ముడి దిక్కు అట్ల చూస్తున్నరు? మళ్ళ చూస్తున్నరేంది?

ఎక్కడనో చూసినట్టున్నదా?

ఎక్కడ చూసి ఉంటరు సార్? యాది చేసుకోండ్రి. కోడికన్ను లెక్క గుండ్రంగ, చుట్టూ సన్న రెప్ప, కుడి దిక్కు తోక జర పైకి లేచి... రోజూ చూసినట్టే ఉన్నదా? మీకు గూడ గట్లనే అనిపిస్తుందా?

హాతీరాం అన్నా, నువ్వు జర అటు పో. పోవు గద? సరే, ఉండు. నీకు గూడ తెలవాలె.

గీకుత సార్. మీరన్న కాడనే, ఆ ముడి మీదనే గీకుత. ఒక్కటే షరతు. ఆ చాయ గ్లాసు పక్కకు పెట్టుండ్రి. ఆ రిజిస్టరు గూడ. పెట్టుండ్రి, తింటనా ఏంది నేను? ఇగ ఇటు వంగి చూడుండ్రి.

చూసిండ్రా?

కోడికన్ను. మీ చాయ గ్లాసు మరక గుండ్రంగ దాని చుట్టే పడ్డది, కాటుక పెట్టినట్టు. బాకాను పక్కన పెడ్త, ఉండుండ్రి. ఇగో. రెప్ప చూడుండ్రి. తోక చూడుండ్రి. కొండలు లెక్కపెట్టుండ్రి కావాలంటే, అటు ఏడు, ఇటు ఏడు.

రెండు డ్రమ్ముల మీద పలక ఏస్తే బల్ల అయితదా సార్? అయితది, ఎందుకు కాదు. మరి బల్లకు ఈ పక్కన రెండేసి బొక్కలు మూడు చోట్ల ఎందుకున్నయి? బల్లకు బందులుంటయా? మీరు పెన్ను గుచ్చే బొక్క ఉన్నది చూడుండ్రి, అది పెన్నుల కోసరం కాదు. మా నాయిన మా తలుపు గడియ కోసరం తొలిచింది. మా అమ్మ నా నోటికి పెట్టాలన్న గడియ ఇగో, ఇక్కడ మీ దగ్గర ఉన్నది.

ఒక పక్క జర ఎక్కువ, ఒక పక్క జర తక్కువ. మీ రిజిస్టరు ఎప్పుడూ అటు జారుతది, రాయి అడ్డం పెట్టుకుంటరు. చూసిన నేను.

ఎట్ల తెలుసునా?

మూడేండ్ల సంది తెలుసు సార్. మీరు ఇక్కడికి రాకముందు నుంచే. మొదటిసారి సత్తుపల్లికి రంగులు కొనబోతుంటే ఆటో ఇక్కడ ఆగింది. దాహమై నీళ్ళడగనీకి లోపలికొచ్చిన. చెంబు ఎత్తి తాగుకుంట కిందికి చూస్తే ఇది. నీళ్లు ముక్కుల పోయినయి. మీ ముందటాయన మెల్లగ తాగు బిడ్డా అన్నడు.

అప్పటి సంది, పోయినప్పుడల్లా, వచ్చినప్పుడల్లా. మీరే అంటరు గద, ఈ పిల్లకు ఎప్పుడు చూసినా దాహమే, మా కుండ ఖాళీ చేస్తది అని. మీ కుండల నీళ్లు ఇనుము వాసన వస్తయి సార్, చెప్పొద్దంటే చెప్పొద్దు గని. ఆ నీళ్ళ కోసరం ఎవరన్నా ఆగుతరా?

ఒకసారి మీరు బయట లారీ ఆపబోయిండ్రు. నేను కాయితం పరిచి పెన్సిల్ రుద్దిన. ముడి మొత్తం దిగింది. ఆ కాయితం మా ఇంట్ల బియ్యం డబ్బాల ఉన్నది. దొంగతనమే. రాసుకోండ్రి.

ఎందుకు అడగలేదంటరా? అడిగితే ఇస్తుండిరా? కాయితం తే, నంబరు తే, పై ఆఫీసుకు పో అంటరు. నేను పోయినంక దీన్ని లోపలి గదిల పారేస్తరు. చూసుడు గూడ పోతుండె. అందుకే నోరు మూసుకున్న. నేను! నోరు మూసుకున్న! మా అమ్మ వింటే నమ్మదు. నాయినకైతే ఇప్పటికీ చెప్పలే. ఆయన ఈ దారిల పోయేటప్పుడు ఆటోల కండ్లు మూసుకుంటడు. నిద్ర కాదు. నాకు తెలుసు.

ఇంకొకటి ఉన్నది. ఇది హైమమ్మకు గూడ తెల్వదు.

ఈ బాకా మీద మొదలు ఉండె రంగు టేకుదే కాదు సార్. ఓకు అంటరట, అదేదో సీమ చెట్టు. పొట్టి పొట్టి గీతలు, నడుమ పులిచారల్లెక్క మెరుపులు. కొండల్లేవు, ముడి లేదు. పాత రంగు ఒక మూల మిగిలుండె. హైమమ్మ పాత ఫోటో గూడ పంపింది, "ఇలాగే రావాలమ్మా, నాన్నగారు గుర్తుపట్టాలి" అని. సరే అమ్మా అన్న. అని, ఆ మిగిలిన మూల గూడ ఎమెరీ కాయితం పెట్టి గీకి పారేసిన.

చేతగాక కాదు. ఓకు గీయగలుగుత. రెండు పూటలు కూసుంటే వస్తది. కాని పూత తడిగ ఉన్నది, దువ్వెన చేతిల ఉన్నది, చెయ్యి దాని దారిన అది పోయింది. ఆపలే నేను. పెద్దింట్ల హాలు నడుమ, పూలదండ ఏసి పెడ్తరు అనుకున్న. అందరూ వచ్చి చెయ్యి పెట్టి చూస్తరు అనుకున్న. చెక్క మీద ఉంటే జీపొస్తది, రేకు మీద ఉంటే ఎవరు గుంజుకపోతరు అనుకున్న.

ఎంత తెలివి! అది గూడ ఆపిండ్రు గద. చెప్పింది చెప్పినట్టు ఓకు గీసి ఉంటే మీరు విజిల్ గూడ ఊదకపోదురు. ఈ పాటికి పెద్దాయన పాట వింటుండె. మీ మీద అరిచిన గని, సగం అరుపు నా మీద నేను అరుచుకోవాల్సింది.

ఏంది సార్? వద్దా? గీకొద్దా?

ఇప్పుడు వద్దంటరా? ఆటో దింపిన కాడి నుంచి గీకు, గీకు, గీకు అన్నది ఎవరు? పో అంటే పోనీకి నేనేమన్నా దయ అడిగిన్నా? ఊకె వదిలిపెడితే రేపు ఊర్లె ఏమంటరు? ఆ కోడిపుంజు ఆమె ఏమంటది? జంపయ్య బిడ్డ టేకు దాటిస్తే సార్ పాపమని వదిలిండు అంటది. మా ఇంటికి ఆ మాట ఒక్కసారి చాలు.

జరుగుండ్రి. అన్నా, ఆటో తాళం ఇటియ్యి. ఇయ్యే!

ఇగో. చూడుండ్రి. కండ్లు తిప్పుకోకుండ్రి, చూడుండ్రి. ఇది కాఫీ రంగు. ఇగో పసుపు. ఇగో బూడిద. ఇగో... మెరిసింది గద? ఏంది అది? నోటితోటి చెప్పుండ్రి సార్. గట్టిగ. ఆ, రేకు.

రాయుండ్రి ఇగ. పెన్ను మా గడియ బొక్కలనే ఉన్నది, తీసి రాయుండ్రి. గీకి చూడగా రేకు అని తేలినది. కింద సంతకం పెట్టుండ్రి. తేదీ ఏయుండ్రి.

అయిందా? ఇగో తాళం. పట్టుకోండ్రి. ఇప్పుడు మీ బల్ల గీకుండ్రి సార్. ముడి మీదనే. అండ్ల ఏం తేలుతదో అది గూడ దాని కిందనే రాయుండ్రి. పర్మిట్ నంబరుతోటి సహా.

తాళం అట్లనే పట్టుకున్నరేంది? చెయ్యి రాదు గద. నాకు గూడ రాలే సార్. గీకిన గని, రాలే.

పోనియ్యుండ్రి. తాళం ఇటియ్యుండ్రి, అన్న ఆటో తీయాలె. కాఫీ రంగు బుడ్డి సంచిలనే ఉన్నది, దారిల బొటనవేలు ఒత్తుకుందమనుకున్న. ఇప్పుడు చూస్తే వద్దనిపిస్తుంది. ఆ గీత నడుమ రేకు మెరుస్తుంది చూడుండ్రి. ఇన్నాళ్లు ముడి ఉత్తగ కన్ను లెక్క ఉండె, ఇప్పుడు మనల్నే చూస్తున్నట్టున్నది. ఉండనీ. హైమమ్మ తిడితే తిట్టనీ. ఓకు ఏదే అంటే చెప్త, ఇది మా తలుపమ్మా అని. ఉంచుకుంటే ఉంచుకుంటది, లేకుంటే గీకి మళ్ళ ఏస్త. గీకుడు మాకు కొత్త కాదు.

పద అన్నా. చీరె కొంగు అటు పట్టు. కప్పకు, ముడి బయటికే ఉండనీ.

ఏంది సార్? చెంబా?

వద్దు. ఇయ్యాల దాహమైతలేదు.